గుంతా, కొలిమా? కాలం చెల్లిన పురుగుమందుల నిర్మూలనలో ఖర్చు లెక్క

కొన్ని సంవత్సరాల క్రితం ఒక పరిశోధనా స్థానంలో పాత సస్యరక్షణ గోదామును ఖాళీ చేయవలసి వచ్చింది. విత్తనాలు నిల్వ చేయడానికి ఆ గది కావాలన్నారు. తలుపు తీసి చూస్తే వెనుక గోడ వెంట గమాక్సిన్ పొడి సంచులు, అంటే బీహెచ్‌సీ 10 శాతం పొడి, సుమారు ఒక టన్ను ఉంది. వాటి పక్కన చీటీలు ఊడిపోయిన తగరపు డబ్బాలలో ఏమిటో తెలియని ద్రవాలు ఉన్నాయి. బీహెచ్‌సీ వాడకం మన దేశంలో 1997లోనే ఆగిపోయింది. ఆ సంచులు అప్పటినుండి, బహుశా అంతకు ముందునుండి, అక్కడే ఉన్నాయి. వాటిని ఏం చేయాలని నిర్ణయించడానికి ఏర్పాటైన సమావేశంలో నేను కూడా ఉన్నాను.

సమావేశం ముందుకు ఒక చిన్న పట్టిక వచ్చింది. క్షేత్రం మూలలో గుంత తవ్వి సున్నం చల్లి పూడ్చడం, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపి కాల్పించడం, సిమెంటు కర్మాగారానికి అప్పగించడం అనే మూడు పద్ధతులు అందులో ఉన్నాయి. ఒక్కొక్క పద్ధతి ఎదుట ఒక్కొక్క అంకె. గుంతకు ఎదురుగా ఉన్నది జేసీబీ అద్దె, సున్నం ధర మాత్రమే. సహజంగానే అందరి చూపూ అక్కడే నిలిచింది. "మనది నల్లరేగడి, బంకమన్ను, నీరు కిందికి దిగదు" అని ఒక మిత్రుడు భరోసా ఇచ్చారు. అదే నేల వేసవిలో మీటరు లోతు వరకు నెర్రెలు బారుతుందని, తొలకరి వాన మట్టి పొరలలో ఇంకకుండా ఆ నెర్రెల గుండా నేరుగా అడుగుకు చేరుతుందని మనం ప్రతి ఏటా విద్యార్థులకు బోధిస్తాము. గోదాము విషయం వచ్చేసరికి ఆ పాఠం ఎవరికీ గుర్తు రాలేదు.

ఆ పట్టికలోని అంకెలు తప్పు కావు. ఒకే వరుసలో పెట్టి పోల్చదగినవి కావు, అంతే. ఒక అంకెలో నిర్మూలన ఖర్చంతా ఉంది, మరొక అంకెలో తొలి రోజు ఖర్చు మాత్రమే ఉంది. ప్రమాదకర వ్యర్థాల విషయంలో పద్ధతుల మధ్య ఎంపిక అంటే చాలావరకు ఈ లెక్కను సరిచేసుకోవడమే.

మూడు దారులు, మూడు రకాల సరుకు

మొదట ఒక పదం గురించి చెప్పాలి. క్షేత్రం మూలలోని గుంతకు, ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలోని సురక్షిత ల్యాండ్‌ఫిల్‌కు తెలుగులో ఒకే మాట వాడుతున్నాము. రెండింటికీ పోలికే లేదు. సురక్షిత ల్యాండ్‌ఫిల్ అడుగున కుదించిన బంకమన్ను, దానిపై హెచ్‌డీపీఈ పొర, మళ్ళీ అదే జోడు, వాటి మధ్య ఊట నీటిని పట్టి బయటకు తెచ్చే గొట్టాలు ఉంటాయి. చుట్టూ పరిశీలన బావులు ఉంటాయి. నిండిన తరువాత కూడా సుమారు 30 సంవత్సరాల పాటు భూగర్భజలాన్ని పరీక్షిస్తూ ఉండాలి. ద్రవాలను అందులోకి అనుమతించరు. పురుగుమందు వంటి సేంద్రియ రసాయనాన్ని ముందు కాల్చి, మిగిలిన బూడిదను అక్కడికి పంపడం పద్ధతి. కాబట్టి పాత పురుగుమందుకు ల్యాండ్‌ఫిల్, దహనం ప్రత్యామ్నాయాలు కావు. దహనం చేసినవారు ల్యాండ్‌ఫిల్ ఖర్చును కూడా భరించవలసిందే.

ఇన్సినరేటర్‌లో రెండవ గదిని సుమారు 1100 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచి, వాయువులు కనీసం రెండు సెకన్లు అక్కడ నిలిచేలా చేస్తారు. సిమెంటు కిల్న్‌లో జ్వాల 2000 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది, ముడిపదార్థం 1450 డిగ్రీల వరకు వేడెక్కుతుంది, వాయువులు మరింత ఎక్కువసేపు ఆ వేడిలో ఉంటాయి. సున్నపురాయి వాతావరణం ఆమ్లాలను తటస్థం చేస్తుంది. బూడిద క్లింకరులో కలిసిపోతుంది గనుక విడిగా పూడ్చవలసిన శేషం దాదాపు ఉండదు. పైగా ఆ కొలిమి మన వ్యర్థాల కోసం వెలిగించినది కాదు, సిమెంటు కోసం ఎలాగూ మండుతూనే ఉంటుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాలు కూడా సహప్రక్రియను నిర్మూలన కంటే పై మెట్టులో ఉంచాయి.

అయితే అన్ని సరుకులకూ కిల్న్ చవక అనుకోరాదు. గమాక్సిన్ పొడినే తీసుకుందాము. బీహెచ్‌సీ అణువు బరువులో సుమారు 73 శాతం క్లోరిన్. 10 శాతం పొడిలో అది 7 శాతానికి పైగా ఉంటుంది. క్లోరిన్ ఎక్కువైతే క్షార లవణాలతో కలిసి ప్రీహీటరు సైక్లోన్లలో గడ్డకట్టి కిల్న్‌నే ఆపుచేస్తుంది. అందుచేత ఈ పొడిని బహు స్వల్ప పాళ్ళలో, ఇతర వ్యర్థాలతో కలిపి, దీర్ఘకాలం మేపవలసి ఉంటుంది. ఇన్సినరేటర్‌లోనైతే మరొక చిక్కు. సంచిలో 90 శాతం రాతిపొడే. రుసుము కిలో లెక్కన కడతాము గనుక పది రూపాయలు చెల్లిస్తే అందులో తొమ్మిది రూపాయలు మండని రాతిని వేడిచేయడానికే పోతాయి. స్ప్రేయర్లు కడిగిన నీటిని కొలిమికి పంపడం కూడా ఇటువంటిదే. నీటిని ఆవిరి చేయడానికి ఇంధనం కొంటున్నామన్న మాట. పలుచని కడుగు నీటికి స్వీడన్‌లో మొదలైన బయోబెడ్ వంటి ఏర్పాటు ఎన్నో రెట్లు చవక. గడ్డి, పీట్, మట్టి కలిపిన పరుపులో సూక్ష్మజీవులే ఆ పని చేస్తాయి. ఏ పద్ధతి చవక అనే ప్రశ్నకు సరుకు పేరు చెప్పకుండా సమాధానం ఇవ్వలేము.

ఆలస్యం ధర

ఆలస్యానికి ఎంత ధర పడుతుందో చూపడానికి భోపాల్ కంటే పెద్ద ఉదాహరణ మన దేశంలో లేదు. ఆ కర్మాగారం తయారుచేసినది మన పంటల పురుగుమందే, కార్బరిల్. 1984 డిసెంబరు దుర్ఘటన తరువాత కర్మాగారం మూతపడింది. ఆవరణలోని వ్యర్థాలను 2005లో పోగుచేసి ఒక షెడ్డులో ఉంచారు. 2012లో ఒక జర్మన్ సంస్థ సుమారు 346 టన్నులను విమానాలలో హాంబర్గ్ తరలించి కాల్చేందుకు ముందుకు వచ్చింది. అంచనా 25 కోట్ల రూపాయలకు అటూ ఇటూ. అక్కడి ప్రజల నిరసనతో ఆ ప్రతిపాదన నిలిచిపోయింది. చివరకు మధ్యప్రదేశ్ హైకోర్టు 2024 డిసెంబరులో నాలుగు వారాల గడువు విధించగా, 2025 జనవరి 1 రాత్రి 12 కంటైనర్లలో 337 టన్నులు సుమారు 250 కిలోమీటర్ల దూరంలోని పీథంపూర్‌కు బయలుదేరాయి. కేటాయించిన మొత్తం 126 కోట్లు.

లెక్క కడితే తొలి ప్రతిపాదన టన్నుకు 7 లక్షల చిల్లర, చివరిది టన్నుకు 37 లక్షల పైచిలుకు. రెండు మొత్తాలలో చేరిన పనులు అచ్చంగా ఒకటి కావు, మధ్య కాలంలో ధరలు కూడా పెరిగాయి. ధరల పెరుగుదలను రెట్టింపుగా వేసుకున్నా వ్యత్యాసం అధికమే. అంతర్జాతీయంగా కాలం చెల్లిన పురుగుమందుల తొలగింపు, రవాణా, దహనాలకు కలిపి టన్నుకు 3,000 నుండి 5,000 డాలర్లు అని సాధారణంగా చెబుతారు. దానితో పోల్చినా ఇది ఎన్నో రెట్లు.

ఈ ఖర్చులో కొలిమి వాటా ఎంత? ప్రయోగాత్మకంగా గంటకు 135, 180, 270 కిలోల వేగాలతో పది పది టన్నులు కాల్చి చూశారు. మిగిలిన 307 టన్నులను గంటకు 270 కిలోల చొప్పున కాల్చడానికి నిర్విరామంగా 47 రోజులు చాలు. వాస్తవంగా 2025 మే మొదటి వారంలో మొదలై జూన్ 30న ముగిసింది. ఆ రెండు నెలల పని కోసం నలభై సంవత్సరాలు నిరీక్షించాము. అంతకాలంలో మట్టి కలిసింది. 337 టన్నులలో 162 టన్నులు కలుషితమైన మట్టే. సెవిన్, నాఫ్తాల్ శేషాలు 92 టన్నులు, సగం తయారైన పురుగుమందు 54 టన్నులు, రియాక్టరు శేషాలు 29 టన్నులు. మొదట్లోనే ఎత్తివేసి ఉంటే మట్టిని కాల్చవలసిన అవసరం ఇంతగా వచ్చేది కాదు. పైగా చేర్చిన సున్నం వల్ల కాల్చిన తరువాత మిగిలిన శేషం అసలు బరువుకు రెట్టింపు దాటింది. దానికి మళ్ళీ ల్యాండ్‌ఫిల్ కావాలి. పీథంపూర్ ప్రజల ఆందోళన, పోలీసు బందోబస్తు, న్యాయస్థానాల కాలం ఏ పట్టికలోనూ కిలోకు ఇంత అని రాయలేము.

మన గోదాముల సంగతి ఇంత పెద్దది కాకపోవచ్చు. కానీ సంచి చిరిగి నేల తడిసిన రోజు, టన్ను సరుకు రెండు మూడు టన్నుల కలుషిత మట్టి అవుతుంది. అది భోపాల్‌కైనా, మన గోదాముకైనా ఒకటే సూత్రం.

ముప్పై ఏళ్ళ తరువాతి వంద రూపాయలు

గుంత చవకగా కనబడటానికి మరొక కారణం వడ్డీ లెక్క. 30 సంవత్సరాల తరువాత బావి నీటిని శుద్ధిచేయడానికి 100 రూపాయలు ఖర్చవుతుందనుకుందాము. సంవత్సరానికి 10 శాతం డిస్కౌంటు రేటుతో దాని నేటి విలువ 5 రూపాయల 73 పైసలు. 4 శాతంతో దాదాపు 31 రూపాయలు. రేటు మార్చగానే అదే గుంత అయిదు రెట్లకు పైగా ఖరీదైపోయింది. బ్యాంకు వడ్డీని యథాతథంగా ఈ లెక్కలో వాడే అలవాటు మన ప్రాజెక్టు నివేదికలలో ఉంది. సాగునీటి మోటారు కొనుగోలుకు అది సరిపోవచ్చు. రుణం తీసుకునేది ఒక తరం, తీర్చేది మరొక తరం అయినప్పుడు అంత ఎక్కువ రేటు వాడటం నా దృష్టిలో న్యాయం కాదు. బీహెచ్‌సీలోని ఆల్ఫా, బీటా రూపాలను, లిండేన్‌ను స్టాక్‌హోం ఒప్పందం 2009లో తన జాబితాలో చేర్చింది. ఆ ఒప్పందాన్ని భారతదేశం 2006లో ధ్రువీకరించింది. ముప్పై ఏళ్ళ తరువాత కూడా ఆ పదార్థం నేలలో ఉంటుందన్న నిర్ధారణతోనే ఆ జాబితా తయారైంది.

సీసా ఖాళీ అయిన పది నిమిషాలు

గోదాము సరుకు ఒక ఎత్తు. గ్రామాలలో ఏటా ఖాళీ అయ్యే సీసాలు, డబ్బాలు మరొక ఎత్తు. మిరప, పత్తి ప్రాంతాలలో గట్ల మీద, కాలువల పక్కన అవి ఎలా పడి ఉంటాయో విస్తరణ శాస్త్రవేత్తలకు నేను వర్ణించనక్కరలేదు. 1971 నాటి పురుగుమందుల నియమావళి ఖాళీ డబ్బాలను పగులగొట్టి నివాసాలకు దూరంగా పూడ్చమంటుంది. గాజు సీసా, తగరపు డబ్బా కాలంలో రాసిన మాట అది. నేటి హెచ్‌డీపీఈ సీసాను పగులగొట్టడం సులభం కాదు, పూడ్చినా నేలలో కరగదు. గట్టు మీద కాలిస్తే, ముఖ్యంగా క్లోరిన్ ఉన్న మందులైతే, ఆ తక్కువ వేడిలో డయాక్సిన్ల వంటి విషాలు పుడతాయి.

ఇక్కడ పద్ధతి ఎంపిక కేంద్రం గేటు దగ్గర జరగదు. సీసా ఖాళీ అయిన పది నిమిషాలలో, స్ప్రేయర్ ట్యాంకు పక్కనే జరిగిపోతుంది. లీటరు సీసాను వంచి పూర్తిగా కార్చిన తరువాత లోపల 10 మిల్లీలీటర్ల మందు అంటుకొని ఉందనుకుందాము. పావు లీటరు నీరు పోసి, మూతపెట్టి అర నిమిషం ఊపి, ట్యాంకులో పోస్తే, మళ్ళీ 10 మిల్లీలీటర్లే మిగిలినా అందులోని మందు 26వ వంతుకు తగ్గుతుంది. రెండవసారి 676వ వంతు. మూడవసారి 17,576వ వంతు. అదే ముప్పావు లీటరు నీటిని ఒకేసారి పోసి కడిగితే 76వ వంతు వద్దే ఆగిపోతుంది. నీరు అంతే, శ్రమ కొద్దిగా ఎక్కువ, ఫలితం 230 రెట్లు. తరగతిలో ఈ లెక్కను నల్లబల్ల మీద వేయించకుండా మూడుసార్లు కడగాలని చెబితే విద్యార్థి దానిని ఒక ఆచారంగా మాత్రమే గుర్తుంచుకుంటాడు.

రైతుకు దీని ధర ఎంత? లీటరు 1,500 రూపాయల మందు అయితే ఆ 10 మిల్లీలీటర్ల విలువ 15 రూపాయలు. అది కడుగు నీటితో ట్యాంకులో చేరి పంటకే దక్కుతుంది. కూలి రోజుకు 500 అనుకుంటే మూడు నాలుగు నిమిషాల శ్రమ విలువ నాలుగు రూపాయలు దాటదు. ప్రమాదకర వ్యర్థాల నిర్వహణ మొత్తంలో చేసినవారికే లాభం తెచ్చే మెట్టు నాకు తెలిసి ఇది ఒక్కటే. మందు ఎండి సీసా గోడకు అంటుకుపోయాక ఈ లాభం ఉండదు. కడిగిన సీసాకు దారులు కూడా పెరుగుతాయి. ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ మార్గదర్శకాల ప్రకారం సరిగ్గా మూడుసార్లు కడిగిన డబ్బాను ప్రమాదరహిత వ్యర్థంగా పరిగణించవచ్చు. అప్పుడది కొలిమికి పోనక్కరలేదు, పైపుల తయారీ వంటి నియంత్రిత పునర్వినియోగానికి పోవచ్చు. కడగనిది మాత్రం పదేళ్ళయినా విష వ్యర్థమే.

కడిగిన తరువాత అది ఎక్కడికి పోతుంది అన్నది వేరే సంగతి. గ్రామంలో పాత సామాన్ల వ్యాపారి కిలోకు ఇంత అని డబ్బులిచ్చి తీసుకుపోతాడు. అతని చేతి మీదుగా ఆ సీసా కిరోసిన్‌కో, మరొక ఇంటి నూనెకో చేరవచ్చు. నిర్మూలన కేంద్రం రుసుము అడుగుతుంది, అతను ఎదురు డబ్బు ఇస్తాడు. ఈ పోటీలో కేంద్రం గెలవదు. డీలరు విషయంలోనూ ఇదే. కాలం చెల్లిన సరుకును వేరుచేసి అమ్మకానికి కాదని ముద్ర వేయాలని నియమం ఉంది. కానీ కొన్న ధర ఎలాగూ పోయింది, నిర్మూలనకు మళ్ళీ చెల్లించాలి. తగ్గింపు ధరకు అమ్మేస్తే రెండు నష్టాలూ తప్పుతాయి. రుసుము పెంచిన కొద్దీ ఈ ప్రలోభం పెరుగుతుంది. కాబట్టి పారవేసే దగ్గర డబ్బు అడగడం కంటే, కొనే దగ్గర డిపాజిట్‌గా తీసుకొని తిరిగి ఇచ్చినప్పుడు వాపసు చేయడం మేలు. ఆ డిపాజిట్ పాత సామాన్ల ధర కంటే ఎక్కువగా ఉండాలి. లేకపోతే అది కాగితం మీదే మిగులుతుంది.

బ్రెజిల్ మరొక దారి పట్టింది. 2000 సంవత్సరపు చట్టం ప్రకారం రైతు డబ్బాను కడిగి ఏడాదిలోగా తిరిగి ఇవ్వాలి, అమ్మినవారు ఎక్కడ ఇవ్వాలో బిల్లు మీదే రాయాలి, తయారీదారులు అక్కడినుండి రవాణా, అంతిమ నిర్వహణ భరించాలి. ప్లాస్టిక్ డబ్బాలలో 90 శాతానికి పైగా తిరిగి వస్తున్నాయి. అక్కడివి వందల హెక్టార్ల క్షేత్రాలు, 20 లీటర్ల డబ్బాలు. మనవి రెండెకరాల కమతాలు, 100 మిల్లీలీటర్ల సీసాలు. ఆ పద్ధతిని యథాతథంగా తెచ్చుకుంటే ఒక కిలో ప్లాస్టిక్‌కు సేకరణ ఖర్చు అక్కడికంటే ఎన్నో రెట్లవుతుంది. బాధ్యతను ముగ్గురికి పంచిన తీరు మాత్రం అనుసరించదగినది.

లారీ నిండితేనే

సేకరణ గురించి ఒక ఊహ లెక్క. దూరపు కేంద్రానికి లారీ బాడుగ 30,000 రూపాయలు, దహన రుసుము కిలోకు 40 రూపాయలు అనుకుందాము. ఒక మండలం నుండి 500 కిలోలే పంపితే కిలోకు రవాణా 60, మొత్తం 100. పన్నెండు మండలాలు ఒకే రోజున కలిసి 6 టన్నులు పంపితే రవాణా కిలోకు 5, మొత్తం 45. కొలిమి అదే, రుసుము అదే, ఖర్చు సగానికి తక్కువ. రుసుము తగ్గించమని బేరమాడే శక్తి మనకు అంతగా లేదు. లారీ నింపే శక్తి మాత్రం జిల్లా యంత్రాంగానికి ఉంది.

గుంటూరు, పల్నాడు మిరప ప్రాంతాలనుండి చూస్తే హైదరాబాద్ దగ్గరి దుండిగల్ కేంద్రం, విశాఖ దగ్గరి పరవాడ కేంద్రం వందల కిలోమీటర్ల దూరం. అదే ప్రాంతానికి ఆనుకొని సున్నపురాయి పొర ఉంది. మాచర్ల, దాచేపల్లి, జగ్గయ్యపేట, కృష్ణకు ఆవల హుజూర్‌నగర్ సిమెంటు కర్మాగారాలు ఆ పొర మీదే ఉన్నాయి. పురుగుమందు ఎక్కువగా వాడే నేల, దానిని నాశనం చేయగల కొలిమి ఇంత దగ్గరగా ఉండటం అరుదు. ప్రతి కిల్న్‌కూ ఈ అనుమతి ఉండదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నిర్దేశించిన విధానం ప్రకారం, రాష్ట్ర మండలి అనుమతితో, సరుకు విశ్లేషణతో జరగవలసిన పని ఇది. ప్రమాదకర వ్యర్థాన్ని ఉత్పత్తి చేసిన చోట సాధారణంగా 90 రోజులకు మించి నిల్వ ఉంచరాదన్న నియమం కూడా ఉంది గనుక, లారీ నిండేదాకా ఏళ్ళ తరబడి ఎదురుచూడటం కుదరదు. ఏడాదికి ఒకటి రెండు నిర్దిష్ట దినాలు ప్రకటించి, రైతు సేవా కేంద్రాలు, తెలంగాణలో రైతు వేదికల ద్వారా పోగుచేసి, అనుమతి ఉన్న రవాణాదారు వెంటనే తీసుకుపోయే ఏర్పాటు రెండు షరతులనూ తీరుస్తుంది. రైతు తెచ్చిన దానికి రుసుము అడగరాదు. ఆ మాట ముందే ప్రకటించాలి.

మా పరిశోధనా స్థానం సంగతి ముగించాలి. గుంత ప్రతిపాదనను సమావేశం చివరకు పక్కన పెట్టింది. పొరుగున ఉన్న మరొక స్థానంలోనూ ఇటువంటి నిల్వ ఉందని తెలిసి రెండింటినీ ఒకే లారీలో పంపాము. గమాక్సిన్ సంచులకు పెద్దగా చిక్కు రాలేదు, ఏమిటో తెలుసు గనుక. చిక్కంతా చీటీలు లేని డబ్బాలతోనే. ఏమిటో తెలియని ద్రవాన్ని ఏ కొలిమీ తీసుకోదు. ఒక్కొక్క డబ్బా నుండి నమూనా తీసి పరీక్షకు పంపవలసి వచ్చింది. కొన్ని లీటర్ల ఆ ద్రవాల పరీక్షలకు అయిన ఖర్చు, టన్ను పొడి దహనానికి అయిన ఖర్చును మించిపోయింది. చీటీ మీద ఒక పారదర్శక టేపు అంటించి ఉంటే అంత ఖర్చూ తప్పేది.

2023లో మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రవాన్ని నిషేధించి, ఉన్న నిల్వల అమ్మకానికి ఒక ఏడాది గడువు ఇచ్చారు. ఆ గడువు కూడా దాటింది. ఈ మధ్య మా విభాగపు గోదాములో వాటి లెక్క తీయమని ఇద్దరు పీజీ విద్యార్థులకు పురమాయించాను. పదకొండు సీసాలు తేలాయి. తొమ్మిదింటి చీటీలు చదవడానికి వీలుగా ఉన్నాయి.